దాచిన దీపాలు.. దాగని ప్రతిభ

పోటీలో మీ ప్రాజెక్టుకు ఆఖరి స్థానం వచ్చింది. మార్కులేసింది మామూలు వాళ్లు కాదు, పెద్ద కార్ల కంపెనీని నడిపేవాళ్లు. మీరైతే ఏం చేస్తారు? ఆ కాగితాలు చించి పారేస్తారా? దాచుకుంటారా? 1933లో అమెరికాలో 29 ఏళ్ల డిజైనర్‌కు సరిగ్గా ఇదే ఎదురైంది. అతను కాగితాలు చించలేదు. రెండేళ్లు తిరిగేసరికి, ఆ ఆలోచనలోంచి పుట్టిన కారును చూడటానికి న్యూయార్క్ ఆటో షోలో జనం పక్క కార్ల బంపర్లు ఎక్కి నిలబడ్డారు.

అతని పేరు గోర్డన్ బ్యూరిగ్. అమ్మకానికి వచ్చిన కార్లలో మొదటిసారిగా హెడ్‌లైట్లను ఫెండర్ల లోపల దాచింది అతనే. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు డాడ్జ్ చార్జర్, షెవర్లే కెమారో లాంటి మజిల్ కార్లు కళ్లు మూసుకుని కనిపించడం మొదలెట్టాయి. ఇవాళ్టికీ అమెరికాలో పాత మజిల్ కారు కొన్నవాళ్లు మామూలు లైట్లు తీసేసి దాగుడు లైట్లు పెట్టించుకుంటూనే ఉన్నారు. ఆ ముచ్చటకు మూలం వెతికితే ఈ కుర్రాడి దగ్గరే తేలుతాం. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు అతని జీవితంలో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

ట్యాక్సీ డ్రైవర్.. మళ్లీ క్లాసుకు

బ్యూరిగ్ 1904 జూన్ 18న ఇలినాయ్ రాష్ట్రంలోని మేసన్ సిటీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పియోరియాలోని బ్రాడ్లీ కాలేజీలో చేరాడు కానీ మనసంతా కార్ల మీదే. చదువు మధ్యలో ఆపి షికాగో వెళ్లి ట్యాక్సీ నడిపాడు. కార్లకు రూపం ఇచ్చే పని చెయ్యాలని ఉంది. కానీ దానికి ఏ కోర్సు చదవాలో, ఎవరిని అడగాలో తెలీదు. అప్పటికి కార్ డిజైనింగ్ అనే చదువే లేదు మరి.

షికాగోలో కార్ బాడీలు గీసే ఓ డిజైనర్ దారి చెప్పాడు. డ్రాయింగ్ ఒక్కటే చాలదు, డ్రాఫ్టింగ్, చెక్కపని, లోహపు పని కూడా నేర్చుకోమన్నాడు. ఆ సలహాకో కారణం ఉంది. ఆ రోజుల్లో ఇంజిన్, చక్రాలు, ఛాసిస్ ఒక కంపెనీ చేస్తే, పైన ఉండే బాడీని చాలాసార్లు వేరే కంపెనీ కట్టేది. చెక్క చట్రం, దాని మీద రేకు. చెక్క ఎంత వంగుతుందో, రేకు ఎక్కడ చిరుగుతుందో తెలియనివాడు గీసిన బొమ్మ కాగితం మీదే ఉండిపోతుంది.

బ్యూరిగ్ వెనక్కి వెళ్లి అదే కాలేజీలో ఆ క్లాసులన్నీ చేశాడు. వదిలేసిన చదువుకే మళ్లీ వెళ్లాడు, కానీ ఈసారి ఎందుకు చదువుతున్నాడో తెలిసి వెళ్లాడు. 1924లో మిషిగన్ రాష్ట్రంలో గోట్‌ఫ్రెడ్‌సన్ అనే బాడీ కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాడు.

25 ఏళ్లకే చీఫ్ డిజైనర్

అక్కణ్నుంచి కంపెనీలు మారుతూ పోయాడు. డీట్రిచ్, ప్యాకార్డ్, తర్వాత జనరల్ మోటార్స్. 1927లో జనరల్ మోటార్స్ ఆర్ట్ అండ్ కలర్ పేరుతో ఒక ప్రత్యేక విభాగం పెట్టింది. కారు అందానికే కేటాయించిన ఆ విభాగానికి అధిపతి హార్లీ ఎర్ల్. ఆ తొలినాళ్లలోనే బ్యూరిగ్ అక్కడ పనిచేశాడు. తర్వాత స్టట్జ్ కంపెనీకి వెళ్లి, 1929లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ రేసులో దిగిన కార్లకు బాడీలు గీశాడు.

అదే ఏడాది డ్యూసెన్‌బర్గ్ నుంచి పిలుపొచ్చింది. ఆ కంపెనీకి చీఫ్ బాడీ డిజైనర్ అయ్యేనాటికి బ్యూరిగ్ వయసు 25. డ్యూసెన్‌బర్గ్ అంటే అప్పట్లో అమెరికాలోనే అత్యంత ఖరీదైన కార్లలో ఒకటి. మోడల్ జె ఛాసిస్ ఒక్కటే 8,500 డాలర్లు. బాడీ ఖర్చు దానికి అదనం. ఆ మోడల్ మొత్తం 480 దాకా తయారైతే, అందులో దాదాపు సగం బాడీల వెనక బ్యూరిగ్ గీతలున్నాయని చెబుతారు.

అంతలో ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. అంత ఖరీదు పెట్టి కార్లు కొనేవాళ్లు తగ్గిపోయారు. ఆర్డర్లు లేని చోట డిజైనర్‌కు పనేముంటుంది? 1933లో బ్యూరిగ్ మళ్లీ జనరల్ మోటార్స్ గుమ్మం ఎక్కాడు. చీఫ్ హోదా పోయింది, పదిమందిలో ఒకడయ్యాడు.

ఆఖరి స్థానం

హార్లీ ఎర్ల్ తన స్టూడియోలో ఓ పోటీ పెట్టాడు. డిజైనర్లను జట్లుగా విడదీసి, ఒక్కో జట్టు ఒక్కో కొత్త కారు గీయాలన్నాడు. బ్యూరిగ్ ఓ జట్టుకు నాయకుడు.

అతను కారు అందం దగ్గర మొదలుపెట్టలేదు, దుమ్ము దగ్గర మొదలుపెట్టాడు. ముందున్న రేడియేటర్ గుండా గాలితోపాటు మట్టి కూడా దూరి ఇంజిన్ మీద పేరుకుంటోంది. అసలు బానెట్‌ను మూసేస్తే? రేడియేటర్లను బయటికి తెచ్చి బానెట్‌కు, ఫెండర్లకు మధ్య పెడితే? ఇంజిన్ శుభ్రంగా ఉంటుంది, ముందుభాగం నున్నగా మారిపోతుంది.

చిక్కేంటంటే, ఆ రోజుల్లో కారు ముఖం అంటే రేడియేటరే. దాన్ని బట్టే దూరం నుంచి అది ఏ కంపెనీదో గుర్తుపట్టేవారు. బ్యూరిగ్ జట్టు గీసినదానికి ఆ ముఖమే లేదు. కంపెనీ పెద్దలు మార్కులేశారు. అతని జట్టుకు చివరి స్థానం.

ఆ దెబ్బ మీద ఉండగానే డ్యూసెన్‌బర్గ్ ప్రెసిడెంట్ హెరాల్డ్ ఏమ్స్ నుంచి కబురొచ్చింది. డ్యూసెన్‌బర్గ్ పేరుతో కాస్త చిన్న, చవకైన కారు కావాలి, వెనక్కి వస్తావా అని. బ్యూరిగ్ వెళ్లాడు. పోటీలో ఓడిన ఆలోచనకే మళ్లీ పదును పెట్టాడు. మార్కులు రాలేదంటే ఆలోచన పనికిరాదని కాదు, ఆ గదిలో ఆ రోజు దానికి కొనేవాడు దొరకలేదంతే.

పాత బాడీలతో కొత్త కారు

ఆ చిన్న డ్యూసెన్‌బర్గ్ పని మధ్యలో ఆగింది. డ్యూసెన్‌బర్గ్, ఆబర్న్, కోర్డ్ ఈ మూడు కార్లూ ఈ.ఎల్. కోర్డ్ అనే వ్యాపారి సామ్రాజ్యంలోవే. అందులో ఆబర్న్ అమ్మకాలు పడిపోతున్నాయి. ఇండియానా రాష్ట్రంలోని ఆబర్న్ పట్టణానికి వెళ్లి, ఉన్న కార్లకే కొత్త రూపం తెమ్మని బ్యూరిగ్‌ను పంపారు. చేతిలో డబ్బులు తక్కువ. అన్నీ కొత్తగా చేసే వీల్లేదు.

గోదాములో అమ్ముడుపోని పాత స్పీడ్‌స్టర్ బాడీలు మిగిలున్నాయి. బ్యూరిగ్ వాటినే తీసుకుని ముందుభాగం మార్చి, ఫెండర్లు మార్చి, వెనకభాగాన్ని పడవ తోకలా సన్నగా తీర్చాడు. అదే 1935 నాటి ఆబర్న్ 851 స్పీడ్‌స్టర్. ఇవాళ పాత కార్ల ప్రదర్శనల్లో అందరూ ఆగి చూసే కారు. మిగిలిపోయిన సరుకు నుంచి అందం తీయడం అతనికి అలవాటైపోయిందని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

విమానం లైట్లు కారులోకి

ఆగిన చిన్న కారు పని మళ్లీ కదిలింది. అయితే పేరు మారింది. డ్యూసెన్‌బర్గ్ కాస్తా కోర్డ్ 810 అయింది. ముందు చక్రాలకే శక్తి వెళ్లే ఏర్పాటు, 125 హార్స్‌పవర్ వీ8 ఇంజిన్. ముందు చక్రాలు లాగుతాయి కాబట్టి వెనక్కి వెళ్లే పొడవాటి షాఫ్టు అక్కర్లేదు. దాంతో నేల కిందికి దిగింది, కారు మొత్తం ఎత్తు తగ్గింది. ఎక్కడానికి పక్కన మెట్లలా ఉండే రన్నింగ్ బోర్డులూ పోయాయి. రేడియేటర్‌ను లోపలికి నెట్టి, బానెట్ చుట్టూ అడ్డగీతల్లాంటి రేకులు తిప్పారు. పెట్రోలు మూతనూ ఓ చిన్న తలుపు వెనక దాచారు.

అన్నీ నున్నగా వచ్చాయి, ఒక్క హెడ్‌లైట్లు తప్ప. అప్పటి కార్లకు లైట్లు గిన్నెల్లా బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. ఎంత బాగా గీసినా ఫెండర్ పక్కన ఆ గిన్నె కనిపిస్తే రూపం చెడిపోతుంది. అలాగని లైట్లు తీసేయలేం, రాత్రి దారి కనిపించాలి కదా.

జవాబు ఇంట్లోనే దొరికింది. విమానాలు తయారుచేసే స్టిన్సన్ కంపెనీ కూడా కోర్డ్ సామ్రాజ్యంలోదే. ఆ విమానాలకు రెక్కల్లోకి ముడుచుకునే ల్యాండింగ్ లైట్లు ఉండేవి. దిగేటప్పుడు బయటికొస్తాయి, ఎగిరేటప్పుడు లోపలికి పోతాయి. వాటినే తెచ్చి కారు ఫెండర్లలో బిగించారు. డ్యాష్‌బోర్డు రెండు చివర్లా ఒక్కో చేతి మర. ఎడమవైపుది తిప్పితే ఎడమ లైటు, కుడివైపుది తిప్పితే కుడి లైటు లేస్తుంది. డ్రైవర్ ఒక్కడే ఉంటే చీకటి పడగానే అటు చివరికి వంగి తిప్పుకోవాల్సిందే. మోటార్లు లేవు, స్విచ్చులు లేవు. అయినా అమ్మకానికి వచ్చిన కార్లలో దాగుడు లైట్లకు ఇదే మొదలు.

గమనించారా? ఇందులో కొత్తగా కనిపెట్టిన భాగం ఏమీ లేదు. విమానానికి ఉన్నదాన్ని కారుకు తెచ్చాడు. పక్క డిపార్ట్‌మెంట్‌లో ఏముందో తెలిసి ఉండటమే అక్కడ అసలు తెలివి.

గేర్‌బాక్సు లేని షో

1935 నవంబరులో న్యూయార్క్ ఆటో షో. అక్కడ పెట్టాలంటే కనీసం 100 కార్లు కట్టి ఉండాలన్నది నిబంధన. పని మొదలవడమే ఆలస్యం, చేతిలో కొద్ది నెలలే. కార్మికులు దాదాపు చేత్తోనే బాడీలు అతికారు. కార్లు షోకు చేరాయి, కానీ వాటిలో గేర్‌బాక్సులు లేవు. అవి ఇంకా సిద్ధం కాలేదు.

చూడటానికి వచ్చినవాళ్లకు అదేం తెలీదు. జనం విరగబడ్డారు, ఆర్డర్లు కురిశాయి. క్రిస్మస్‌కల్లా కార్లు ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. క్రిస్మస్ వచ్చింది, కార్లు రాలేదు. డబ్బు కట్టినవాళ్లకు కంపెనీ చిన్న కంచు బొమ్మ కార్లు పంపింది. తీరా అసలు కార్లు రోడ్డెక్కాక గేర్లు జారడం, ఇంజిన్ వేడెక్కడం లాంటి ఫిర్యాదులు మొదలయ్యాయి. లోపాలు సరిచేసుకుంటూ వచ్చేసరికి పేరు పోయింది. మొదట్లో దాని ధర 1,995 డాలర్లు. మాంద్యం రోజుల్లో అది పెద్ద మొత్తమే. 1936, 37 మోడళ్లు కలిపి అమ్ముడైనవి సుమారు 3,000 మాత్రమే. 1937లో ఆబర్న్‌లో కార్ల తయారీ ఆగిపోయింది. బ్యూరిగ్ అప్పటికే బయటికొచ్చేశాడు.

ఇంటర్వ్యూల్లో ఫెయిల్యూర్ గురించి అడుగుతారు చూడండి, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కనిపించే పని అద్భుతంగా ఉంది, కనిపించని పని తొందరలో నలిగిపోయింది. కొనేవాడికి రెండూ కావాలి. డెమో బాగుంటే ఆర్డర్ వస్తుందేమో గానీ, రెండో ఆర్డర్ రావాలంటే గేర్‌బాక్సు తిరగాలి.

ఈ కథకో కొసమెరుపు ఉంది. కోర్డ్ బాడీ అచ్చులను తర్వాత వేరేవాళ్లు కొన్నారు. వాటితో హప్‌మొబైల్ స్కైలార్క్, గ్రాహమ్ హాలీవుడ్ అనే కార్లు వచ్చాయి. వాటిలో మాత్రం హెడ్‌లైట్లు మళ్లీ మామూలుగా బయటే పెట్టేశారు. బాడీ అదే, కళ్లు తెరిపించారు. ఆ రెండూ నిలబడలేదు.

మజిల్ కార్లు కళ్లు మూశాయి

లైట్లు దాచాలన్న ఆలోచన మాత్రం చావలేదు. 1938లో హార్లీ ఎర్ల్ తన వై-జాబ్ అనే ప్రయోగాత్మక కారులో హెడ్‌లైట్లు దాచాడు, అదీ కరెంటుతో కదిలేలా. బ్యూరిగ్ ఆలోచనకు చివరి స్థానం వచ్చిన స్టూడియో నుంచే అది వచ్చింది.

1940 నుంచి అమెరికా కార్లకు 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్ లైట్లు ప్రమాణమయ్యాయి. తర్వాత నాలుగు చిన్న గుండ్రటి లైట్లకూ అనుమతి వచ్చింది. అంటే ఏ కంపెనీ కారైనా కళ్లు ఒకేలా ఉండాలి. డిజైనర్లు ఏం చేయాలి? ఆకారం మార్చలేరు కాబట్టి దాచేశారు. 1966 డాడ్జ్ చార్జర్‌లో మోటార్లు లైట్లను గ్రిల్ లోపలికి తిప్పేవి. 1967 కెమారోకు ఆర్‌ఎస్ ప్యాకేజీ తీసుకుంటే లైట్ల ముందు చిన్న తలుపులు వచ్చేవి. 1968 పాంటియాక్ జీటీవోకూ ఆ సదుపాయం ఉండేది. అన్నిటికంటే చిత్రమైన సంగతి 1966 ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో. దాగుడు లైట్లు, ముందు చక్రాల డ్రైవ్. కోర్డ్ తర్వాత అమెరికాలో ముందు చక్రాల డ్రైవ్‌తో మళ్లీ వచ్చిన కారు అదే. తయారుచేసింది జనరల్ మోటార్స్.

ఇప్పుడు మామూలు కెమారో కొన్నవాళ్లు దాన్ని ఆర్‌ఎస్‌లా మార్చుకుంటారు. వినడానికి రెండు తలుపులు బిగించే పనిలా ఉంటుంది. దిగితే తెలుస్తుంది లోతు. గ్రిల్ మారాలి. తలుపులు, వాటిని పట్టే బ్రాకెట్లు, కదిపే మోటార్లు, వైరింగ్ అన్నీ కావాలి. 1967 మోడల్‌లో మామూలు కారుకు పార్కింగ్ లైట్లు గ్రిల్‌లో ఉంటాయి, ఆర్‌ఎస్‌కు బంపర్ కిందికి దిగుతాయి. అంటే ఒకటి మారిస్తే ఇంకోటి కదులుతుంది.

1968 నుంచి చార్జర్, కెమారోల్లో తలుపులు తెరిచే పని వ్యాక్యూమ్‌కు అప్పగించారు. ఇంజిన్ గాలి పీల్చుకున్నప్పుడు ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలను రబ్బరు గొట్టాల ద్వారా ఓ చిన్న ట్యాంకులో నిల్వ చేస్తారు. వెనక్కి పోకుండా మధ్యలో చెక్ వాల్వ్ ఉంటుంది. డ్రైవర్ లైటు స్విచ్ లాగితే వాల్వ్ తెరుచుకుని, డయాఫ్రమ్ కదిలి తలుపు జరుగుతుంది. గొట్టానికి ఎక్కడో సన్నని పగులు వస్తే చాలు, ఒక కన్ను తెరుచుకుని ఇంకోటి మూసుకునే ఉంటుంది. అందుకే పాత కారును మార్చేవాళ్లు కొందరు వ్యాక్యూమ్ తీసేసి కరెంటు మోటార్లు పెడతారు. అప్పుడు తలుపు చివరికి రాగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్, సరైన ఫ్యూజ్, రిలే ఉండాలి. లేకపోతే మోటారు కాలిపోతుంది.

అసలు ప్రశ్న ఇది: అర్ధరాత్రి హైవే మీద కరెంటు పోతే? అమెరికాలో 1969 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ ప్రమాణం దీనికి జవాబు చెబుతుంది. తెరుచుకున్న లైట్లు శక్తి పోయినా తెరుచుకునే ఉండాలి. స్విచ్ వేశాక 3 సెకన్లలోపే పూర్తిగా తెరుచుకోవాలి. అందం కోసం దాచొచ్చు గానీ, అవసరమైనప్పుడు దీపం వెలగాల్సిందే. మెకానికల్, ఎలక్ట్రికల్ విద్యార్థులకు ఇది చక్కటి మినీ ప్రాజెక్టు. చెక్క ఫ్రేము మీద ఒక తలుపు, ఒక చిన్న మోటారు, రెండు లిమిట్ స్విచ్‌లతో మోడల్ చేసి, కరెంటు తీసేస్తే ఏమవుతుందో చూపించండి. సొంత బండి మీద మాత్రం ప్రయోగాలొద్దు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు.

పాదచారుల భద్రతా నిబంధనలు వచ్చాక, సన్నటి కొత్త లైట్లు దొరికాక, కొత్త కార్లలో ఈ పద్ధతి అంతరించింది. పైకి లేచే లైట్లున్న ఆఖరి కార్లు కొర్వెట్, లోటస్ ఎస్ప్రిట్. రెండూ 2004తో ఆగిపోయాయి.

చివరిదాకా పనే

కోర్డ్ మూతపడ్డాక బ్యూరిగ్ కూర్చుండిపోలేదు. కారు పైకప్పులో రెండు పలకలు ఊడదీసుకునే ఏర్పాటుకు 1951లో పేటెంట్ పొందాడు. తర్వాత టీ-టాప్ పేరుతో మజిల్ కార్లలో అదే మోజైంది. 1949లో ఫోర్డ్‌లో చేరి 1965లో రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాడు. 1951 ఫోర్డ్ విక్టోరియా, 1956 కాంటినెంటల్ మార్క్ 2 కార్ల తయారీలో అతని చెయ్యి ఉంది. రిటైరయ్యాక కాలిఫోర్నియాలోని ఆర్ట్ సెంటర్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. తన రోజుల్లో లేని చదువును తర్వాతి తరానికి తనే చెప్పాడన్నమాట.

1951లోనే న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఎనిమిది కార్లను కళాఖండాలుగా ప్రదర్శనకు పెట్టింది. అందులో కోర్డ్ ఒకటి. ఆబర్న్ పట్టణంలోని పాత కంపెనీ కార్యాలయ భవనం 1974లో మ్యూజియంగా మారింది. బ్యూరిగ్ 1990 జనవరిలో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అప్పటికి తను గీసిన కార్లు మ్యూజియంలో నిలబడటం కళ్లారా చూశాడు.

మీకు పనికొచ్చేవి

• ఏ ఉద్యోగం కావాలో తెలిస్తే, ఆ పనిలో ఉన్నవాళ్లను ఏం నేర్చుకోవాలో అడగండి. బ్యూరిగ్ కెరియర్ ఒక్క సలహాతో దారిలో పడింది. సలహా విని ఊరుకోకుండా క్లాసులో కూర్చున్నాడు.

• తిరస్కరించిన ప్రాజెక్టును ఫోల్డర్‌లో తేదీతో దాచండి. దాంట్లో మీరు పరిష్కరించాలనుకున్న సమస్య ఏంటో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. అతనికి ఆ వాక్యం దుమ్ము గురించి.

• పెద్ద హోదా పోయి చిన్న హోదాలో చేరాల్సి వచ్చినా సిగ్గుపడొద్దు. 1933లో అతను అదే చేశాడు.

• డిజైన్ వైపు రావాలనుకుంటే బీడిజైన్‌కు యూసీడ్, ఎండిజైన్‌కు సీడ్ పరీక్షలున్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ఎన్‌ఐడీలో ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ ఆటోమొబైల్ డిజైన్‌లో పీజీ చేయొచ్చు. ఎన్‌ఐడీకి ఆంధ్రప్రదేశ్‌లోనూ సంస్థ ఉంది. పోర్ట్‌ఫోలియోలో అందమైన బొమ్మలతోపాటు, ఆ వస్తువు లోపల ఎలా కదులుతుందో చూపే బొమ్మ కూడా ఒకటి పెట్టండి. అడిగేవాళ్లు దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.